ఒంటి మాట

డాక్టరమ్మ గదికి తలుపు లేదు. ఆకుపచ్చ పరదా ఒకటి వేలాడుతోంది గానీ, కడ్డీకి ఒక పక్క రింగులు ఊడిపోవడంతో అది సగం దాకే జరుగుతుంది. పరీక్ష బల్ల దిగి చీర సర్దుకుంటున్న షాహిస్తాకు ఆ సందులోంచి బయట బెంచీ మీద కూర్చున్న ఆడవాళ్ల మోకాళ్లు, చేతిసంచులు కనబడ్డాయి. తన మాటలు వాళ్లకు వినబడతాయేమోనని కుర్చీని డాక్టరమ్మకు దగ్గరగా జరుపుకుంది.

“మంట ఎన్నాళ్ల నుంచి?”

“వారం పైనే అయితాంది మేడం. నిన్నట్నుంచి కూచునేకి గూడా కాలే.”

“ఏమన్నా పూసినావా? ఏమన్నా వాడినావా?”

లేదనేస్తే సరిపోయేది. కానీ డాక్టరు దగ్గర దాచిపెడితే మందు ఎట్లా పనిచేస్తుందని దారి పొడవునా తనకు తానే చెప్పుకుంటూ వచ్చింది షాహిస్తా. గొంతు తగ్గించి ఉన్నదున్నట్టు చెప్పింది. భర్త నయీం కువైట్‌లో డ్రైవరు. మధ్యలో ఊరికొచ్చిన స్నేహితుడి చేత ఒక చిన్న పెట్టె పంపించాడు. అందులో ఆడవాళ్లు వాడుకునే వస్తువు ఉంది, బ్యాటరీతో నడిచేది. అది వాడటం మొదలుపెట్టాకే ఈ మంట.

“ఏందీ? మిషనా?” పొద్దుటి నుంచి అందరి మీదా అరిచీ అరిచీ డాక్టరమ్మ గొంతు ఆ ఎత్తులోనే ఉండిపోయింది. “కూతురికి పెండ్లి గూడా చేసినదానివి! మొగుడు ఊర్లో లేకపోతే దేవుణ్ణి తలుచుకోని ఉండల్ల గానీ, ఇట్లాంటి మిషన్లు పెట్టుకుంటే రోగాలు రాకుండా ఏమొస్తాయి?”

బయట మాటలు ఠక్కున ఆగిపోయాయి. ఆ తర్వాత ఎవరో కిసుక్కుమన్నారు.

ఆ వస్తువును ఎట్లా శుభ్రం చేసుకోవాలో, ఇక వాడొచ్చో కూడదో అడగాలని వచ్చింది షాహిస్తా. అడగలేదు. చీటీ తీసుకుని బయటికొచ్చింది. మందులిచ్చే కిటికీలో కాంపౌండర్ నాగేంద్ర మాత్రలు కత్తిరించి కవర్లో వేస్తూ, “అన్నం తిన్నాక ఒకటి వేసుకో అక్కా. ఇంగ ఆ మిషన్ తోలేది కొన్నాళ్లు ఆపు,” అన్నాడు. కిటికీ పక్కన నిలబడ్డ ఇద్దరు మగవాళ్లు ముఖాలు తిప్పుకుని నవ్వుకున్నారు.

షాహిస్తా కొంగు తల మీదికి లాక్కుని మెట్లు దిగింది.

*

ప్రొద్దుటూరులో వాళ్లది పరుపుల అంగడి. ముందు అంగడి, వెనక ఇల్లు. మామ అమీర్ బాషా పోయాక అత్త మస్తానమ్మ, కోడలు షాహిస్తా ఇద్దరే నడుపుతున్నారు. దూది ఏకేది మిషనే అయినా పరుపు కుట్టడం మాత్రం చేతి పనే. గుడ్డ సంచిలో దూది నింపి, కట్టెతో కొట్టి సమం చేసి, జానెడు దబ్బనంతో పైనుంచి కిందికి, కింది నుంచి పైకి దారం లాగి ముడేయాలి. ముడి బిగువు ఒక చోట ఎక్కువై, ఒక చోట తక్కువైతే పడుకున్నవాడికి వీపు నొప్పి. మస్తానమ్మ ముడి వేస్తే దూది గడ్డకట్టదని ఊళ్లో పేరు.

క్లినిక్ నుంచి వచ్చినప్పటి నుంచీ షాహిస్తా నిలబడే కుడుతోంది. మస్తానమ్మ చూసింది. పరుపును ఎత్తు బల్ల మీదికి ఎక్కించి, “వొంగకుండా కుట్టుకో,” అని మాత్రం అంది.

మరుసటి రోజు వీధి చివరి వనజమ్మ దిండ్లు తీసుకుపోవడానికి వచ్చింది. ఎప్పుడూ గంటసేపు కూర్చుని మాట్లాడిపోయే మనిషి గడప అవతలే నిలబడింది. షాహిస్తా చేతికిచ్చిన దిండును చేతులతో పట్టుకోకుండా, “ఆడ పెట్టులే, మా వాడొచ్చి ఎత్తుకపోతాడు,” అంది. ఆమె చూపు దిండు మీద లేదు, షాహిస్తా చేతుల మీద ఉంది.

ఆ చూపుతో షాహిస్తాకు అర్థమైపోయింది.

కూతురు షహనాజ్‌ను పులివెందులలో ఇచ్చారు. పెళ్లయి ఇంకా ఏడాది నిండలేదు. ఈ మాట అక్కడి దాకా పోతే ఆ పిల్ల ఆ ఇంట్లో తల ఎట్లా ఎత్తుకుంటుంది? దబ్బనం చేతిలో పట్టుకుని ఎంతసేపు అట్లాగే నిలబడిందో ఆమెకే తెలియలేదు.

శుక్రవారం కువైట్‌లో సెలవు. మధ్యాహ్నం నయీం వీడియో కాల్ చేశాడు. వెనక మంచాలు, తాడు మీద ఆరేసిన లుంగీలు కనబడుతున్నాయి. షాహిస్తా వంటగదిలోకి పోయి జరిగిందంతా చెప్పింది. నయీం ముఖం పాలిపోయింది.

“అమ్మకు తెలిసిందా?”

“ఇంగా తెలీదు. తెలుస్తాదిలే. వీధంతా తెలిసె.”

“నేను పంపినానని మాత్రం చెప్పొద్దు షాహిస్తా. అమ్మ ముందర నా ముఖం యాడ పెట్టుకునేది?”

“మరి ఎవరు పంపినారని చెప్పల్ల?”

నయీం ఫోన్ అటూ ఇటూ తిప్పాడు. “సిగ్నల్ సరిగ్గా లేదు, మళ్లా చేస్తా,” అన్నాడు. బొమ్మ ఆరిపోయింది.

ఫోన్ పక్కన పెట్టేసరికి మస్తానమ్మ బజారు నుంచి వచ్చింది. కూరగాయల సంచి దించి, కాళ్లు కడుక్కుని, వంటగది గుమ్మంలో నిలబడింది.

“ఆ క్లినిక్‌లో ఏం చెప్పినావు?”

అబద్ధం నోటిదాకా రాలేదు షాహిస్తాకు. “నిజమే చెప్పినా అత్తా. ఆ వస్తువు వాడినా. దాంతోనే మంట వచ్చినాది.”

“ఎవరిచ్చినారు?”

“మీ కొడుకే పంపినాడు.”

మస్తానమ్మ వెనక్కి తిరిగింది. అంగట్లోకి పోయి సగంలో ఆగిన పరుపు ముందు కూర్చుంది. దబ్బనంలో దారం ఎక్కించి కుట్టడం మొదలుపెట్టింది. లాగినప్పుడల్లా దారం సర్రుమంది. మొత్తం పరుపు అయిపోయేదాకా తల ఎత్తలేదు. చివరి ముడి కొరికి లేచి నిలబడి, “రేపు పొద్దున తయారుగా ఉండు. జమ్మలమడుగు పోదాం. ఆ వస్తువు గూడా పెట్టుకో,” అంది.

షాహిస్తా పుట్టిల్లు జమ్మలమడుగు.

*

బస్సులో ఇద్దరూ పక్కపక్కనే కూర్చున్నారు. షాహిస్తా ఒళ్లో సంచి ఉంది. దాని అడుగున, పాత తువ్వాలులో చుట్టిన పెట్టె. బస్సు ఎగిరినప్పుడల్లా ఆమె రెండు చేతులతో సంచిని అదిమి పట్టుకుంటోంది. అత్త ఈ పెట్టెను అన్న ఇమ్తియాజ్ ముందు పెట్టి, ‘ఇదిగో మీ చెల్లెలు’ అంటుంది. వదిన వింటుంది. అంగట్లో పనిచేసేవాళ్లు వింటారు. ఆ తర్వాత తను ఒక్కతే ఆ ఇంట్లో ఒక మూల గదిలో.

ఒకటి రెండుసార్లు, “అత్తా, నేను చెప్పేది విను,” అని మొదలుపెట్టింది. మస్తానమ్మ కిటికీలోంచి శనగ చేలు చూస్తూ, “పోయినాక మాట్లాడుదాం,” అంది.

జమ్మలమడుగు బస్టాండులో దిగారు. కుడివైపు సందులో ఇమ్తియాజ్ టైర్ల అంగడి. షాహిస్తా కాళ్లీడ్చుకుంటూ అటు తిరిగింది. మస్తానమ్మ ఎడమకు తిరిగి చకచకా నడుస్తోంది.

“అత్తా, అన్న అంగడి ఇటుపక్క.”

మస్తానమ్మ ఆగి వెనక్కి చూసింది. “మీ అన్నేమన్నా డాక్టరా?”

షాహిస్తా నడిరోడ్డు మీద నిలబడిపోయింది. వెనక ఆటోవాడు హారన్ కొట్టాడు.

“రామ్మే! ఆలస్యమైతే ఓపీ చీటీ ఇయ్యరు.”

*

ఆసుపత్రి పాతది. గోడలు మందంగా ఉన్నాయి, గదులకు బరువైన తలుపులున్నాయి. డాక్టర్ సహస్రకు ముప్పై ఏళ్లుంటాయేమో. వాళ్లిద్దరూ లోపలికి రాగానే తనే లేచి పోయి తలుపు మూసి గడియ పెట్టింది. ఆ గడియ చప్పుడుకే షాహిస్తా కళ్లలో నీళ్లు తిరిగాయి.

పరీక్ష అయ్యాక డాక్టర్ చేతులు కడుక్కుని కొత్త గ్లవ్స్ వేసుకుంది. “తెచ్చారా? చూపించండి.”

షాహిస్తా తువ్వాలు విప్పింది. డాక్టర్ దాన్ని తీసుకుని ట్యూబ్‌లైటు కింద తిప్పి చూసింది. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది. గోరుతో అతుకు గీకింది.

“దీన్ని వైబ్రేటర్ అంటారు. చాలామంది వాడతారు, అందులో తప్పేమీ లేదు. కానీ ఇది మంచి రకం కాదు. చూడండి, వేలికి జిగటగా అంటుకుంటోంది, ఘాటు వాసన. ఈ మెత్తటి రబ్బరుకు కంటికి కనబడని బెజ్జాలుంటాయి. తడి, మురికి వాటిలో దూరి ఉండిపోతాయి. ఇదిగో, అతుకు దగ్గర చీలింది కూడా. దేంతో కడుగుతున్నారు?”

“పుండ్లు కడిగే మందుతో మేడం. శుభ్రంగా ఉండల్లని నీళ్లు కలపకుండానే పోసినా.”

“కడిగాక?”

“ఎవరికీ కనబడకూడదని వెంటనే ప్లాస్టిక్ కవర్లో చుట్టి, బీరువాలో చీరల కింద పెడతా.”

“తడి ఆరకుండానే?”

షాహిస్తా తలూపింది.

“మిమ్మల్ని కాల్చింది ఆ మందే. కవర్లో ఆరని తడికి మిగతా ఇన్‌ఫెక్షన్. అంతే. చెడ్డ రోగం ఏమీ కాదు, వారంలో తగ్గిపోతుంది. ఎవరూ చెప్పకపోతే మీకెట్లా తెలుస్తుందమ్మా?”

అంతవరకూ గోడకానుకుని నిలబడ్డ మస్తానమ్మ కుర్చీ లాక్కుని కూర్చుంది. “అయితే మంచి రకం ఎట్లుంటాదో చెప్పు తల్లీ.”

డాక్టర్ నవ్వలేదు. పరుపు గుడ్డ బాగుందో లేదో చెప్పినట్టే చెప్పింది. “మెడికల్ సిలికాన్ అని రాసి ఉండాలి. నున్నగా ఉండాలి, అతుకులుండకూడదు, వాసన రాకూడదు. వాడే ముందు, వాడాక వాసన లేని మామూలు సబ్బు, గోరువెచ్చటి నీళ్లు చాలు. ఛార్జింగ్ పెట్టే చోట నీళ్లు పోకుండా చూసుకోవాలి. పూర్తిగా ఆరాక నూలు సంచిలో విడిగా పెట్టుకోవాలి. ఒకరిది ఇంకొకరు వాడకూడదు.”

“కొబ్బరినూనె పూసేది?” షాహిస్తా మెల్లగా అడిగింది.

“నూనెలొద్దు. నీటితో చేసిన జెల్ ఉంటుంది, మందుల షాపులో అడగండి. ఎక్కడన్నా నొప్పి పుడితే అక్కడే ఆపేయాలి. ఇప్పుడు మాత్రం పూర్తిగా తగ్గేదాకా ఏదీ వద్దు. దీన్నైతే పారేయండి.”

“పాలసీసా మాదిరి ఉడకబెట్టుకుంటే పోలేదా?” అంది మస్తానమ్మ.

“మోటారు లేని సిలికాన్‌దైతే ఉడకబెట్టొచ్చు పెద్దమ్మా. మోటారుంటే చెడిపోతుంది.”

“అదీ నిజమేలే. మోటారును ఉడకేస్తే యాడ బతుకుతాది?”

షాహిస్తాకు నవ్వు ఆగలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నా ఆగలేదు. ఈసారి డాక్టర్ కూడా నవ్వింది.

మందుల కోసం వరండాలో కూర్చున్నప్పుడు మస్తానమ్మ సంచిలోంచి అరటిపళ్లు తీసి ఒకటి ఒలిచి కోడలి చేతిలో పెట్టింది.

“పొద్దున్నే నయీంగానికి ఫోన్ చేసినా. నాలుగు తిట్టినా.”

“ఎందుకు పంపినావనా?”

“పంపేవాడివి మంచిది చూసి పంపకూడదా అని.” మస్తానమ్మ తొక్కను మడిచి కాగితంలో చుట్టింది. ఎదురుగా ఆసుపత్రి ఆవరణలో ఎవరో బకెట్‌తో మొక్కలకు నీళ్లు పోస్తున్నారు. ఆమె అటే చూస్తూ అంది, “మీ మామ కువైట్‌లో ఉన్నన్నేండ్లు నన్ను అందరూ డబ్బులొచ్చినాయా అనే అడిగినారు. నీకెట్లుందని ఒక్కరూ అడగలే. మీ మామ గూడా అడగలే. నా కొడుకు అడిగినాడు గదా, ఆ మాత్రం తెలివి వాడికుంది అనుకున్నా.”

షాహిస్తా అరటిపండు తినడం మరచిపోయి అత్త వైపు చూసింది.

“తినమ్మే. మాత్ర వేసుకోవల్ల.”

*

తిరుగు బస్సులో పులివెందుల నుంచి షహనాజ్ ఫోన్ చేసింది. గొంతు బొంగురుపోయి ఉంది.

“అమ్మా, నీకేదో చెడ్డ రోగం వచ్చిందంట గదా. మా పక్కింటామె వచ్చి మా అత్తతో చెప్పింది. ప్రొద్దుటూరులో ఆమె తమ్ముడు కాంపౌండరంట. మా అత్త పొద్దుటి నుంచి నాతో మాట్లాడలే. నిజం చెప్పమ్మా, ఏమైంది నీకు?”

షాహిస్తా కళ్లు మూసుకుంది. బస్సు కుదుపుకు తల కిటికీ కడ్డీకి తగిలింది. కళ్లు తెరిచి నిటారుగా కూర్చుంది.

“రోగం కాదు పాపా. ఒళ్లు కడుక్కునే కాడ ఒక పొరపాటు చేసినా, మందు తీసుకున్నా. అంతా వివరంగా చెప్తా. చెప్పేకి నాకేం సిగ్గులేదు. ఒక గంట ఆగు. మీ అత్తకు జవాబు ఆమె చెవుల్తోనే వినిపిస్తా.”

ఫోన్ పెట్టేశాక మస్తానమ్మ ఆమె మోకాలు మీద చెయ్యి వేసింది. “ఇంటికి పోదాం పా. జనాలు నాలుగు దినాలు మాట్లాడి మర్చిపోతారు.”

“లేదత్తా. నేను క్లినిక్ కాడ దిగుతా.”

“ఇంగ ఆడేం పని?”

“వాళ్లతోనే పని.”

మస్తానమ్మ పైటచెంగు నడుముకు దోపుకుంది.

బస్టాండులో దిగి ఆటో ఎక్కారు. క్లినిక్ ముందు ఆపించి, పది నిమిషాల్లో వస్తాం, ఉండు నాయనా అని ఆటోవాడికి చెప్పి మస్తానమ్మ ముందు నడిచింది. సాయంత్రం ఓపీ అప్పుడే మొదలైంది. బెంచీలన్నీ నిండి ఉన్నాయి. మోకాలి నొప్పికి వచ్చిన వనజమ్మ కూడా ఒక చివర కూర్చుని ఉంది. పరదా వెనక ఎవరో ఉన్నారు. వాళ్లు బయటికొచ్చేదాకా షాహిస్తా గోడ పక్కన నిలబడింది. ఆ పేషెంటు వెళ్లిపోయాక పోయి పరదా సందులో నిలబడింది. ఇటు డాక్టరమ్మకూ, అటు బెంచీలకూ కనబడేటట్టు.

“మేడం, మొన్న నేను మీకాడికి మంటతో వచ్చినా.”

డాక్టరమ్మ గుర్తుపట్టింది. “లోపలికొచ్చి కూచోమ్మా, ఏమైంది?”

“లోపల మెల్లగా చెప్పిన మాటే గదా మేడం పులివెందుల దాకా పోయింది. ఇప్పుడు ఈడ్నే చెప్తా, అందరూ విననీ.” షాహిస్తా పరదాను పక్కకు తోసింది. “నా మొగుడు నాకోసం ఒక వస్తువు పంపినాడు. దాన్ని కడిగేది తెలీక ఒళ్లు కాల్చుకున్నా. ఎట్లా కడగల్లో, ఏది మంచిదో, ఏది చెడ్డదో జమ్మలమడుగులో ఒక డాక్టరు తలుపు మూసి చెప్పినాది. మీరు చెప్పలే. దేవుణ్ణి తలుచుకోమంటిరి. దేవుణ్ణి తలుచుకునేది మాకు తెలుసు మేడం. తెలీనిదాని కోసమే మీకాడికి వచ్చినా.”

డాక్టరమ్మ చేతిలోని పెన్ను బల్ల మీద పెట్టింది. ముఖం ఎర్రబడింది.

బెంచీ మీద చున్నీ ముఖానికి కప్పుకున్న ఒక యువతి ఉన్నట్టుండి, “నాకు కడుపు పోయినప్పుడు గూడా, నేను ఇంటికి పోకముందే మా ఆడబిడ్డకు తెలిసె,” అంది.

“మా కోడలికి పిల్లలు కారని ఊరంతా చెప్పింది ఈడ్నించే,” అంది ఇంకొకామె.

వనజమ్మ తల వంచుకుని, “దిండ్ల కాడికి వచ్చినప్పుడు నేను చేసింది గూడా తప్పేలే షాహిస్తా,” అని గొణిగింది.

అందరి చూపూ మందుల కిటికీ మీదికి పోయింది. నాగేంద్ర చేతిలోని మాత్రల అట్టను అటూ ఇటూ తిప్పుతున్నాడు. మస్తానమ్మ అప్పటికే ఆ కిటికీ ముందు మోచేతులు ఆనించి నిలబడి ఉంది.

“నాగేంద్రా,” అంది షాహిస్తా. “పులివెందులలో మీ అక్క ఉండాది గదా, మా బిడ్డ పక్కింట్లో. ఇప్పుడే ఫోన్ చెయ్. స్పీకర్ పెట్టు. మా వియ్యపురాలిని పిలవమను.”

“అక్కా, నేనేదో తమాషాకు...”

“ఫోన్ చెయ్యి నాగేంద్రా,” అంది డాక్టరమ్మ. ఈసారి ఆ గొంతు పెద్దగా లేదు.

నాగేంద్ర ఫోన్ చేశాడు. అవతల అక్క, ఆ తర్వాత షహనాజ్ అత్త. చెమట తుడుచుకుంటూ చెప్పాడు. చెడ్డ రోగమని తను చెప్పింది అబద్ధమనీ, ఆమెకు ఏ రోగమూ లేదనీ, క్లినిక్‌లో విన్నమాట బయట చెప్పడం తన తప్పనీ. అవతల నుంచి ఆ అత్త గొంతు, “సరే అయ్యా. షహనాజూ, ఇట్లా రా పాపా, అన్నం తిను, పొద్దుటి నుంచి ఖాళీ కడుపుతో ఉండావు,” అనడం హాలంతా వినబడింది.

షాహిస్తా కళ్లు తుడుచుకోలేదు. కారనిచ్చింది.

డాక్టరమ్మ లేచి గుమ్మం దాకా వచ్చింది. “నేను గూడా తప్పు చేసినానమ్మా. అరిచేది అలవాటైపోయింది,” అంది. నాగేంద్ర వైపు తిరిగి, “రేపు ఈ గదికి తలుపు పడేదాకా ఓపీ లేదు. వడ్రంగిని నువ్వే పిలుచుకొచ్చి, తలుపు పెట్టించు. ఆ తర్వాత ఈ కిటికీలో ఎవరు కూచోవల్లో నేను చూసుకుంటా,” అంది.

షాహిస్తా సంచి భుజానికి వేసుకుని వెనక్కి తిరిగింది. రెండడుగులు వేసిందో లేదో చున్నీ అమ్మాయి ఆమె చెయ్యి పట్టుకుంది.

“అక్కా, ఆ డాక్టరు ఏందేందో చెప్పిందంటివే. ఎట్లా కడగల్ల, ఏది మంచిదని. అది మాకు గూడా చెప్పరాదూ?”

పక్కనున్నామె బెంచీ మీద జరిగి చోటిచ్చింది. ఇంకో ఇద్దరు లేచి దగ్గరికొచ్చారు. వనజమ్మ మోకాలు పట్టుకుని మెల్లగా నడిచి వచ్చి వాళ్ల వెనక నిలబడింది. నొప్పి ఇంకా ఉన్నా షాహిస్తా బెంచీ అంచున జాగ్రత్తగా కూర్చుని, గొంతు ఏమాత్రం తగ్గించకుండా, “మొదట వాసన చూడల్ల. ఘాటుగా ఉంటే తీసుకోనే తీసుకోవద్దు...” అని మొదలుపెట్టింది.

బయట ఆటోవాడు హారన్ కొట్టాడు. మస్తానమ్మ గుమ్మంలోంచి తల బయటికి పెట్టి చెయ్యి ఊపింది.

“నువ్వు పో నాయనా. మాకు ఇంగా శానా సేపు పడతాది.”